పెండ్లి పట్టుచీరకు తగిన రవిక

ధర్మవరపు పట్టుచీరకు అంచును, పైటచెంగును ప్రాణము. రవిక వానితో పోటీపడరాదు. చెంగున జరీ దట్టముగా నున్నప్పుడు రవిక వీపున మగ్గంపని యేల? పూలజడ దానిని కప్పివేయును. పైగా పోగులు జడకు చిక్కుకొనును. మెడవెనుక వ్రేలాడు కుచ్చులు మూడుముళ్ల వేళ వరుని చేతులకు అడ్డు. చీర అంచునే చేతులకు కుట్టించిన చాలును. తలంబ్రాలు పోయుటకు చేతులెత్తవలెను గనుక చంకలో బిగువు కూడదు. హోమము చెంత చెమట పోయును. చెమట పట్టును చెరచును. కావున లోపల నూలుగుడ్డ వేయింపుడు; దానిని ముందుగా తడిపి ఆరవేయుడు. చీరతో కలిపి నేసిన రవికగుడ్డ ఒక్కటే. కత్తెర పడిన పిదప అట్టిది మరల దొరకదు. ప్రక్కకుట్లలో అంగుళము గుడ్డ మిగుల్చుడని దర్జీకి చెప్పుడు. అట్లయిన బిడ్డ బారసాలనాడును ఆ రవికయే సరిపోవును.