అల్పవ్యయమున గృహశోభ

ఇంట పెండ్లి కుదిరినంతనే అలంకరణములకును, వస్త్రములకును హైదరాబాదునకు పోవుట మన పల్లెలలో పరిపాటి యైనది. ఆబిడ్స్ అంగళ్ల సొగసు చూచి, అప్పుచేసి కొని తెచ్చువారు పెక్కురు. ఆ చెంతనే నాంపల్లిలో ఏటేట జరుగు నుమాయిష్ వేరొక పాఠము చెప్పుచున్నది. అది 1938లో ఆరంభమై, 1946లో నాంపల్లి మైదానమునకు చేరినది. స్థానికముగా తయారైన వస్తువులకు ఆదరణ కల్పించుటయే దాని తొలి ఉద్దేశము.

మనమును చేరువ నున్నదానినే చక్కజేసికొందము. మట్టిగోడకు ప్లాస్టికు రంగు పూసినచో లోని తడి వెలికి పోజాలక రంగు పెచ్చులుగా ఊడును. సున్నము తడిని పోనిచ్చును. సున్నపురాళ్లు నీట ఉడికి చల్లారిన పిమ్మట వడగట్టి, కొంచెము తుమ్మజిగురు కలిపి, గోడను తడిపి, పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. అది కనుల పడరాదు. పిల్లలను దూరముగా నుంచవలెను.

పాతబడిన నారాయణపేట చీర ద్వారమునకు తెర యగును. ఉతికి గంజిపెట్టిన చేనేత పంచెకు మించిన ఠీవి లేదు. దాని వెలలో కొంతయైనను మన నేతపనివారి కూలియగును.

సున్నపుపూత కొన్నాళ్లకు వెలసిపోవును. అప్పు వెలయదు; వడ్డితో పెరుగును. కావున ఇంటి పెద్దలే ముందు నిలిచి ఈ మితవ్యయమును ఆచరించి చూపవలెను.