మనవడు అడిగే గ్రాఫిక్స్ కార్డు – మంచిచెడ్డలు

(చిల్లకల్లులో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్డు అంటే మనకు తెలిసినవి రేషను కార్డు, ఆధార్ కార్డు, హెల్త్ కార్డు. ఇప్పుడు మన ఫిక్సెడ్ డిపాజిట్ల మీద కన్నేసిన కార్డు మరొకటి వచ్చింది. అది కంప్యూటరులో బిగించే గ్రాఫిక్స్ కార్డు. ఆటల కోసం చేసినవాటిలో పెద్దది ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 5090. 2025 జనవరిలో విడుదలైనప్పుడు మన దేశంలో కంపెనీ చెప్పిన ప్రారంభ ధర 2,14,000 రూపాయలు. అంగడిలో అంతకన్నా ఎక్కువే పలికింది. మా మనవడు దాన్నే అడిగాడు. ఇంట్లో రెండు వర్గాలయ్యాయి. పిల్లవాడి వృద్ధికి అడ్డుపడవద్దని మా అమ్మాయి, రేపు ఆస్పత్రి ఖర్చు ఎవరు పెడతారని మా ఆవిడ. ముప్ఫై ఏళ్ళకు పైగా ఫైళ్ళు చూసినవాణ్ణి గనుక ఉభయుల వాదనలూ రాసుకుని పరిశీలించాను. ఆ సంగతులు మీకు మనవి చేస్తాను.

ముందు ఈ కార్డు ఏం చేస్తుందో చూద్దాం. జమాబందీ రోజుల్లో నందిగామ తాలూకా ఆఫీసు గుర్తు తెచ్చుకోండి. తహసీల్దారుగారు ఎంత సమర్థులైనా ఒక్కరే. వరండా నిండా కరణాలు కూర్చుని ఎవరి గ్రామం లెక్క వారు తేల్చేవారు. కంప్యూటరులో ప్రాసెసరు తహసీల్దారు అయితే, గ్రాఫిక్స్ కార్డు ఆ వరండా. 5090లో 21,760 మంది కరణాలున్నారనుకోండి. 4కే తెర మీద సుమారు 83 లక్షల చుక్కలుంటాయి. సెకనుకు అరవై సార్లో నూట ఇరవై సార్లో ప్రతి చుక్కకూ రంగు తేల్చాలి. ఆ పనిలో పాత 4090 కంటే ఇది సుమారు 30 శాతం చురుకు. 32 జీబీ మెమరీ ఉండడం దీని అసలు బలం. త్రీడీ బొమ్మలు చేసేవారికి మెమరీ చాలకపోతే పని నత్తనడక నడుస్తుంది, లేదా అసలే ఆగిపోతుంది.

అయితే మామూలు ఫుల్ హెచ్‌డీ తెరకు 4కేలో పావు వంతు చుక్కలే. అటువంటి తెరకు ఇంత కార్డు తగిలిస్తే వరండాలో సగం మంది ఖాళీగా కూర్చుంటారు. జీతం మాత్రం అందరికీ ఇచ్చినట్టే.

ప్రకటనల్లోని పెద్ద అంకెలు చూసి కంగారుపడవద్దు. ఈ తరం కార్డుల్లో ఒక బొమ్మను లెక్కకట్టి, దానికి తోడు మరికొన్ని బొమ్మలను కృత్రిమ మేధతో ఊహించి నింపే సదుపాయం ఉంది. చూపుకు సాఫీగానే ఉంటుంది. మీట నొక్కితే ఆట స్పందించే వేగం మాత్రం దానివల్ల పెరగదు. చిన్న కార్డు 5070 పాత 4090 పనితీరునిస్తుందని కంపెనీ అధిపతి జెన్సన్ హువాంగ్ 2025 జనవరిలో వేదిక మీద చెప్పింది ఈ ఊహా బొమ్మలను కలుపుకునే. అంచనా వసూళ్ళను అసలు వసూళ్ళలో కలిపి చూపిస్తే మన ఆడిట్ వారు ఊరుకునేవారా?

ఇక కరెంటు. పూర్తి పని మీద ఈ కార్డు ఒక్కటే 575 వాట్లు తీసుకోగలదు. అంటే ఏడెనిమిది పాతరకం సీలింగు ఫ్యాన్లు. మిగతా కంప్యూటరు, తెర కలిపి 800 వాట్లనుకుంటే, రోజుకు నాలుగు గంటలకు 3.2 యూనిట్లు, నెలకు 96. స్లాబు మారితే రేటూ మారుతుంది. ఆ కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. మే నెలలో మన జగ్గయ్యపేట ఎండకు అది తోడైతే ఏసీ వేయక తప్పదు. ఆ యూనిట్లు వేరే. ఇంట్లో మామూలు ఇన్వర్టరు దీన్ని మోయలేదు. వెయ్యి వాట్ల పవర్ సప్లై పెట్టమని కంపెనీయే చెబుతోంది. రహదారి పక్క ఊరు కాబట్టి ఫ్యాన్లలో దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు.

మావాడు ఇంట్లోనే వీడియోలు, ప్రకటనలకు త్రీడీ బొమ్మలు చేస్తాడు. రాత్రిళ్ళు ఆటలు. ఇంతవరకు చేసిన పనుల్లో పెద్దదాన్ని తెరిచి మెమరీ ఎంత పట్టిందో చూపించమన్నాను. 11 జీబీ. "ఉన్న కార్డు 12 జీబీదే తాతయ్యా, అంతకన్నా పెద్ద పనులు ఒప్పుకోలేదు" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. అలా వదులుకున్నవెన్ని అని అడిగితే ఏడాదిలో రెండని తేలింది. 16 జీబీ, 300 వాట్ల 5070 టీఐకి కంపెనీ ప్రారంభ ధర 80,000. రెండింటికీ తేడా 1,34,000. వదులుకున్న రెండు పనుల రాబడి కలిపినా అందుకు చాలదు. కాబట్టి 5070 టీఐకి మంజూరు చేశాను. తేడా సొమ్ము డిపాజిట్లోనే ఉంది. అమ్మాయి ఇంకా ముభావంగానే ఉంది.

కొనేవారికి రెండు మాటలు. 4090 నాటి నుంచి, అంటే 2022 అక్టోబరు నుంచి, పెద్ద కార్డుల ప్లగ్గులు కరిగిన ఉదంతాలున్నాయి. ప్లగ్గు చివరిదాకా నొక్కి, తీగను మొదట్లోనే వంచకుండా పెట్టించండి. 2025 ఫిబ్రవరిలో కొన్ని 5090, 5070 టీఐ కార్డుల్లో ఆర్‌ఓపీ అనే భాగాలు లెక్కకు తక్కువగా వచ్చాయని కంపెనీ ఒప్పుకుని, మార్పిడికి తయారీదారులను సంప్రదించమంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాములో ఆ లెక్క కనబడుతుంది. 5090కి 176, 5070 టీఐకి 96 ఉండాలి. మావాడిది నా ఎదుటే లెక్క చూపించమన్నాను, 96 ఉన్నాయి. బిల్లు మాత్రం నా బీరువాలో పెట్టాను. ప్రశ్నలుంటే టీ వేళ అడగండి. సెలవు.