పత్రిక – ఆప్తవాక్యము



తర్కశాస్త్రమునందు శబ్దమును ఒక ప్రమాణముగా చెప్పుదురు. మనము కన్నులార చూడని సంగతిని ఆప్తుడు చెప్పినచో ఆ మాట మనకు ప్రమాణమగును. ఉన్నదున్నట్లు చెప్పువాడే ఆప్తుడు. పొలిమేర దాటిన లోకమును మనము పరుల మాటవలననే ఎరుగుచున్నాము. కావున ప్రజలకు ఆప్తుడై నిలుచుటయే పత్రికకు ముఖ్యప్రయోజనము. ఆ ఆప్తత్వమును చెరచు శత్రువులు మూడు: లోభము, భయము, తొందర.

మొదటిది లోభము. 1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘వివేకవర్ధని’ని వెలువరించి, లంచములు గొను ఉద్యోగుల నడతను అందు వెల్లడించిరి. పరుల లంచమును బయటపెట్టు పత్రిక తాను సొమ్మునకు అమ్ముడుపోరాదు. ఎన్నికలలో అభ్యర్థి ఇచ్చిన ధనముతో అచ్చయిన పొగడ్త వార్తవేషమున వచ్చుట చదువరిని వంచించుటయే. 2009 ఎన్నికల పిమ్మట ఈ దుర్నయమును విచారించుటకు భారత ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘమును నియమింపవలసివచ్చెను.

రెండవది భయము. షోయబుల్లాఖాన్ హైదరాబాదులో ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ దినపత్రికకు సంపాదకుడు. ఆయన రజాకార్ల దౌర్జన్యములను ఖండించి, సంస్థానము భారతదేశమున చేరవలెనని వ్రాసెను. 1948 ఆగస్టులో ఒక రాత్రి దుండగులు పైబడి ఆయనను చంపిరి. ఊరకుండినచో బ్రతికియుండెడివాడే. కాని ఉన్నమాట చెప్పుట తన ధర్మమని యెంచి వ్రాసెను.

మూడవది తొందర. దీనిని గూర్చి చెప్పుటకు ముందు నా అపరాధమును ఒప్పుకొనవలసియున్నది. మా యూరి రచ్చబండ వద్ద ప్రతి ఉదయము పత్రిక చదివి వినిపించుట నాకు వాడుక. ఒకనాడు సహకారసంఘపు గిడ్డంగిలో ధాన్యము పోయినదనియు, మా యూరివాడొకడు అందులో అనుమానితుడనియు వార్త వచ్చెను. గొంతెత్తి చదివితిని. నాలుగు దినములకు అతనికి ఆ దొంగతనముతో సంబంధము లేదని అదే పత్రిక ఒక మూల చిన్న అక్షరములలో ప్రకటించెను. ఆనాడు వాన, రచ్చబండ వద్ద ఎవరును లేరు. రేపు చదువవచ్చుననుకొని మరచితిని. అతడు రచ్చకు వచ్చుట మానెను. రెండు నెలలకు అతని కుమార్తెకు కుదిరిన సంబంధము తప్పిపోయినదని వింటిని. అప్పుడు ఆ పాత కాగితమును వెదకి తీసి, అందరియెదుట చదివి, అతని ఇంటికి పోయి క్షమింపుమంటిని. అతడు నన్నొక్క మాటయు అనలేదు. మరునాడు వచ్చి రచ్చబండపై కూర్చుండెను. తప్పిన సంబంధము మాత్రము మరల రాలేదు.

దోషము చెప్పుటయందున్న త్వర దానిని దిద్దుటయందు లేకపోయినచో పత్రికయు చాడీయు ఒక్కటే. ఇది సంపాదకునికే కాదు, చదివి వినిపించువానికిని వర్తించును. నేడు ఫోనులలో చేతినుండి చేతికి పోవు మాటలకు సంపాదకుడే లేడు. ఇతరులకు పంపువాడే సంపాదకుడు.

కావున వార్త వినినప్పుడు మూడు ప్రశ్నలు వేయుదము. చెప్పినవాడెవడు? అతడెట్లెరిగెను? నింద మోసినవాని మాట వినెనా? నింద చదివిన చోటనే, అంత గొంతుతోనే, దిద్దుబాటును కూడ చదువుదము. అట్లు చేసినచో మన రచ్చబండయు ఆప్తస్థానమగును.