పెద్ద రాకెట్టు నమూనా: నిర్మాణము, రంగు, క్షేమము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మంచినీటి బావులు, వీధి దీపములు, ఇంటి పన్నులు మొదలగు విషయములను ముచ్చటించుకొనుటకు కూడిన మనము రాకెట్టు నమూనాను గూర్చి చెప్పుకొనుట ఏమని మీలో కొందరికి తోచవచ్చును. కారణము చెప్పెదను.

1971వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన శ్రీహరికోటనుండి రోహిణి తరగతికి చెందిన చిన్న రాకెట్టు మొట్టమొదట ఎగిరినది. నాటినుండి నేటివరకు అచ్చటినుండి ఎన్నియో రాకెట్లు ఆకాశమున కెగసినవి. ఆ దృశ్యమును కంటితోనో, టెలివిజనులోనో చూచిన పల్లెటూరి బాలుడు ఊరకుండడు. తానును ఒకటి చేసి ఎగురవేయవలెనని తలచును. ఆ తలంపు మెచ్చదగినది. కాని వాడు ఏ ఇనుప గొట్టమునో తెచ్చి, అందులో దీపావళి మందును కూరి నిప్పంటించినచో, అది రాకెట్టు కాదు, బాంబు. క్షణములో వ్రేళ్లు పోవును, కన్నులు పోవును. ఇట్టి బాలుని దండించి ఊరకుండవలెనా, లేక దారి చూపవలెనా? ఇది ఇంటి పెద్దలు మాత్రమే గాక గ్రామ పెద్దలును ఆలోచింపవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న అమెరికా దేశమునకు ఏడు దశాబ్దములకు పూర్వమే ఎదురైనది. అచ్చటి బాలురు లోహపు గొట్టములలో తామే కలిపిన మందును నింపి గాయములపాలగుచుండిరి. 1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ యూనియను స్పుత్నిక్ ఉపగ్రహమును పంపిన పిదప ఈ ఉత్సాహము మరింత పెరిగినది. నెబ్రాస్కా రాష్ట్రములోని నార్ఫోక్ పట్టణమున పాదరక్షల దుకాణము నడపుచుండిన ఆర్విల్ కార్లైల్ అను నతడు, తన సోదరుడు రాబర్టుతో కలిసి, 1954లోనే దీనికి మార్గము కనిపెట్టియుండెను. ఆర్విల్‌కు బాణసంచాయందు నేర్పు, రాబర్టుకు విమాన నమూనాలయందు అభిరుచి. వారి రాకెట్టు కాగితముతోను, తేలిక కొయ్యతోను చేసినది. అందలి మందుగొట్టము వేరుగా తయారై, వాడిన పిదప తీసి క్రొత్తది పెట్టుకొనదగినది. బాలుర ప్రమాదములను గూర్చి హారీ స్టైన్ అను రాకెట్టు ఇంజనీరు 1957లో వ్రాసిన వ్యాసమును చూచి కార్లైల్ తన నమూనాలను అతనికి పంపెను. ఆ సంవత్సరముననే రాకెట్టు నమూనాల జాతీయ సంఘ మొకటి ఏర్పడి, క్షేమ నియమావళి వెలువడినది. దాని సారమంతయు ఒక్క మాటలో ఉన్నది: రాకెట్టును బాలుడు చేయవచ్చును, మందును బాలుడు కలుపరాదు.

ఎంత పెద్దది?

ఈ నమూనాల మోటార్లను వాటి మొత్తము శక్తిని బట్టి అక్షరములతో గుర్తింతురు. 'ఏ' తరగతి మోటారు శక్తి 2.5 న్యూటన్-సెకండ్లకు మించదు. ఆపై అక్షరము మారినకొలది పరిమితి రెట్టింపగును. 'జి' తరగతికి 160, 'హెచ్' తరగతికి 320. 'హెచ్' మొదలుకొని పైవన్నియు పెద్ద నమూనాలకు చెందినవి. వీనిని ఎగురవేయుటకు అమెరికాలో సాధారణముగ 18 ఏండ్లు నిండియుండవలెను. అంతేగాక, తన చేతితో చేసిన రాకెట్టును పరీక్షకుల ఎదుట ఎగురవేసి, చెడకుండ దింపి చూపవలెను. రెండవ మెట్టునకు వ్రాతపరీక్షయు కలదు.

నిర్మాణము

సుమారు 10 సెంటీమీటర్ల వ్యాసము, నిలువెత్తు మనిషియంత పొడవు గల రాకెట్టును ఊహింపుడు. దాని ఒడలు దళసరి కాగితమును చుట్టి చేసిన గొట్టము. ముక్కు ప్లాస్టిక్కుది. రెక్కలు ప్లైవుడ్‌వి. ఇనుము వాడరు. ఏదైన పొరపాటున పగిలినను కాగితము చినుగును. ఇనుమైనచో ముక్కలై మనుష్యులను గాయపరచును.

మొదట రెక్కల స్థానము గుర్తింతురు. గొట్టము చుట్టును కాగితపు పట్టీని చుట్టి, దానిని తీసి మూడు సమభాగములుగా మడచినచో, మూడు రెక్కలకు కొలత దొరకును. గొట్టమును తలుపు చట్రపు మూలకు ఆనించి పెన్సిలుతో గీసినచో నిటారైన గీత వచ్చును. పెద్ద యంత్రములతో పని లేదు.

గొట్టము లోపల మోటారు కూర్చుండుటకు మరియొక సన్నని గొట్టము కావలెను. దానిని ప్లైవుడ్ వలయములతో నడుమ నిలిపి ఎపాక్సీ జిగురుతో అంటింతురు. రెక్కలను పైపైన అంటించిన చాలదు. బయటి గొట్టమునకు చీలికలు పెట్టి, రెక్క అడుగుభాగమును లోపలి గొట్టము వరకు చొప్పించి, అచ్చటను బయటను జిగురు పట్టింతురు. వడ్రంగి గూటమును తొలికి దించినట్లు ఇది బలముగా నిలుచును. నున్నని కాగితముపై జిగురు పట్టదు గనుక ముందుగా ఉప్పుకాగితముతో గరుకు చేయుదురు. రెక్క, గొట్టము కలియు మూలలో జిగురును నిండుగా పూసి వ్రేలితో గుండ్రముగా తీర్చుదురు. బలమునకును, గాలి సాఫీగా జారుటకును ఇది అవసరము.

రాకెట్టు ఎగురుట సగము పని. దిగుట తక్కిన సగము. మోటారు మండి ముగిసిన కొన్ని క్షణములకు అందలి చిన్న మందు రగిలి, లోని గాలిని ముందునకు నెట్టి, ముక్కును ఊడదీయును. అప్పుడు పారాచూటు విచ్చుకొనును. ముక్కును ఒడలిని కలిపియుంచుటకు బలమైన పట్టీ కావలెను. పారాచూటు కాలకుండ మంటను తట్టుకొను గుడ్డతో చుట్టుదురు. పైకి పోవుకొలది బయటి గాలి పలుచనై, లోపల చిక్కుకొన్న గాలి ముక్కును ముందే త్రోయకుండ, గొట్టమునకు ఒక చిన్న రంధ్రము చేయుదురు.

నిలుకడ

మన తారాజువ్వకు పొడవైన పుల్ల ఎందుకు కట్టుదురు? అది విరిగినచో జువ్వ గిరగిర తిరిగి ఎవరి గడ్డివామిలోనో పడును. బాణమునకు ములికి బరువుగా ముందుండును, ఈకలు వెనుకనుండును. రాకెట్టుకును అదే సూత్రము. దాని బరువు సమతూకముగా నిలుచు చోటు ముందుండవలెను. గాలి ఒత్తిడి కేంద్రీకరించు చోటు వెనుకనుండవలెను. ఈ రెండింటి నడుమ కనీసము ఒక గొట్టపు వ్యాసమంత ఎడముండుట నియమము. మోటారు తోకభాగమున బరువుగా కూర్చుండును గనుక, దానిని పెట్టిన పిదపనే తూకమును చూడవలెను. రాకెట్టు మొత్తము బరువు మోటారు సగటు త్రోపుడు శక్తిలో మూడవ వంతును మించరాదు. 5 కిలోల రాకెట్టుకు సుమారు 150 న్యూటన్ల త్రోపుడైనను కావలెనన్నమాట.

రంగు

రంగు అలంకారమునకే అని తలచుట పొరపాటు. చుట్టిన కాగితపు గొట్టముపై మెలికలు తిరిగిన గాడి కనబడును. అందులో లప్పము పూసి, ఆరిన పిదప ఉప్పుకాగితముతో రుద్ది నున్నచేయుదురు. ప్లైవుడ్ రెక్కల నరములనుగూడ ఇట్లే పూడ్చుదురు. పిదప ప్రైమరు, మరల రుద్దుట, మరల ప్రైమరు. గరుకు కాగితముతో ప్రారంభించి నున్నని కాగితముతో ముగింతురు. దానిపై తెల్లని పూత, అది ఆరిన తరువాత అసలు రంగు. ఒకేసారి దళసరిగా పూసిన కారిపోవును. పలుచని పూతలు పలుమారు వేయవలెను. తేమ ఎక్కువగానున్న దినమున పూసిన రంగు పాలిపోవును.

ఏ రంగు? పచ్చికలో పచ్చని రాకెట్టు పడినచో వెదకువారికి కానరాదు. నీలాకాశమున నీలిరంగు కలిసిపోవును. అందుచేత కాషాయము, ఎరుపు, నలుపు తెలుపుల పట్టీలు ఎక్కువగా వాడుదురు. జర్మనీవారి వీ-2 రాకెట్టుకును, మానవుని చంద్రునివద్దకు పంపిన శాటర్న్-5 రాకెట్టుకును నలుపు తెలుపు గడులు వేయుటకు కారణము, అది తన ఇరుసుపై తిరుగుచున్నదో లేదో దూరమునుండి తెలిసికొనుటకే.

ఇచ్చట రెండు జాగ్రత్తలు. ముక్కు గొట్టములోనికి దిగు భాగమునకు రంగు తగులరాదు. తగిలినచో ముక్కు బిగిసి సమయమునకు ఊడదు, పారాచూటు రాదు, రాకెట్టు బల్లెమువలె నేలను పొడుచును. అందమునకై పూసిన రంగే ప్రాణాపాయమగును. రెండవది, రంగునకును బరువు కలదు. తోకవైపు ఎక్కువగా పూసినచో తూకము వెనుకకు జరుగును. కనుక రంగు పూర్తియైన పిదప రాకెట్టును మరల తూచి, నిలుకడను మరల లెక్కింపవలెను.

ఎగురవేయు చోటు

'హెచ్', 'ఐ', 'జె' తరగతుల రాకెట్టుకు మనుష్యులు కనీసము 100 అడుగుల దూరముననుండవలెను. చుట్టును ఎండుగడ్డి తొలగింపవలెను. గాలి వేగము గంటకు 20 మైళ్లకు మించిన దినమున ఎగురవేయరాదు. అగ్గిపుల్లతో అంటించుట నిషిద్ధము; విద్యుత్తీగతో దూరమునుండియే రగిలింతురు. మండకపోయినచో తీగను విడదీసి, ఒక నిమిషము ఆగిన పిదపనే దగ్గరకు పోవలెను. విద్యుత్ స్తంభముపై చిక్కిన రాకెట్టును తీయబోరాదు. ఈ నియమములు అనుభవముతో నేర్చినవి.

మన కర్తవ్యము

మన దేశమున లైసెన్సు లేక పేలుడు పదార్థములను తయారుచేయుట 1884 నాటి చట్టము క్రింద నేరము. కనుక నేను చెప్పినదంతయు విని రేపే మీ గ్రామమున పెద్ద రాకెట్టును ఎగురవేయుడని నా అభిప్రాయము కాదు. అందలి పనిని గమనింపుడు: కొలత, కోత, అతుకు, నునుపు, తూకము, ఓర్పు. ఇందులో మందు పాలు ఎంత స్వల్పము! నేర్చుకొనదగినదంతయు మందు లేకయే నేర్పవచ్చును.

అందుకు నీటి రాకెట్టు కలదు. సోడా పానీయముల ప్లాస్టిక్ సీసాలో మూడవ వంతు నీరు పోసి, బిరడా బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టినచో, నీరు క్రిందికి చిమ్మి సీసా పైకెగురును. దానికి అట్ట రెక్కలు, మెత్తని ముక్కు, రంగు అమర్చవచ్చును. తారాజువ్వ సూత్రము, బాణపు సూత్రము ఇందును వర్తించును. గాజు సీసాగాని లోహపు డబ్బాగాని వాడరాదు, బాలురు దూరముగా నిలువవలెను, పొడవైన త్రాటితో లాగి విడుదల చేయవలెను, ఉపాధ్యాయుడు దగ్గరనుండవలెను.

పంచాయతీ చేయదగిన పనులు మూడు. పాఠశాల ఆటస్థలమున, తాటియాకు ఇండ్లకును గడ్డివాములకును విద్యుత్తీగలకును దూరముగా, ఒక చోటును ఇందుకు నిర్ణయింపుడు. సంవత్సరమునకొక దినము బాలబాలికలకు నీటి రాకెట్ల పోటీ పెట్టి, ఎత్తుకు మాత్రమే గాక చక్కని నిర్మాణమునకును బహుమానమిండు. మందును పోగుచేయు బాలుడు కంటబడినచో వెంటనే మాన్పించి, వాని చేతికి జిగురును, అట్టను, రంగును ఇండు.

1967 నవంబరు 20వ తేదీన కేరళలోని తుంబానుండి ఎగిరిన మన తొలి రోహిణి రాకెట్టు వ్యాసము 75 మిల్లీమీటర్లు మాత్రమే. నేను వర్ణించిన నమూనాకంటె సన్ననిది. ఆ చిన్న ప్రారంభమునుండియే శ్రీహరికోట రాకెట్లు పెరిగినవి. మన గ్రామములలోని బాలబాలికలలో రేపటి ఇంజనీరు ఎవరో మనకు తెలియదు. వారి వ్రేళ్లను, కన్నులను క్షేమముగా ఆ దినమువరకు చేర్చుట మన చేతిలో ఉన్నది.