చేపలతొట్టిలో స్పాంజి వడపోత

ఇంట గాజుతొట్టిలో చేపలను పెంచువారు మొదట నేర్వవలసినది నీటి సంరక్షణము. ఈ సంగతి మేము నల్లగొండలో నష్టపడి నేర్చుకొంటిమి. ఒక వేసవిలో స్పాంజి మురికిపట్టినదని కుళాయి క్రింద బాగుగా కడిగితిమి. నాలుగవనాటికి నీరు తేటగా నున్నను చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను. రెండు చచ్చిపోయెను.

కారణమేమనగా, చేపల విసర్జనమునుండియు, మిగిలిన మేతనుండియు అమోనియా యను విషము పుట్టును. గాలిపంపు బుడగలు పైకి పోవుచు నీటిని స్పాంజిగుండ లాగును. ఆ రంధ్రములలో నివసించు సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగను, పిదప అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకము ద్వారా నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల ఇండ్లకు శుద్ధిచేసిన కృష్ణాజలము వచ్చుచున్నది. అందలి క్లోరిను మనకు రక్షయే గాని ఆ సూక్ష్మజీవులకు చేటు.

కావున తొట్టినుండి తీసిన నీటిలోనే స్పాంజిని నాలుగైదుసార్లు పిండిన చాలును. సబ్బు తగులరాదు. క్రొత్తనీటిని వెడల్పుపాత్రలో ఒక దినము నిలిపి పోయవలెను. మరీ సన్నని రంధ్రముల స్పాంజి త్వరగా పూడిపోవును. కొంచెము ముతకది మేలు. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ గనుక వేసవిలో గాలిపంపును రాత్రియు ఆపరాదు.

రెండు స్పాంజీలుంచి, ఒక పర్యాయము ఒకదానిని, మరియొక పర్యాయము రెండవదానిని కడుగుట క్షేమము. అట్లు చేయుచున్న నాటినుండి మా తొట్టిలో మరల అట్టి నష్టము కలుగలేదు.