కిలో, మిల్లి: రెండును వేయియే



1954 వఱకు ఫ్రెంచి పాలనలో నుండిన మన యానాములో, ఆ భాష చదివిన పెద్దలకు ఎనుబది యనగా "కాత్ర్ వేఁ", నాలుగిరువదులని యర్థము. తొంబదియో, నాలుగిరువదులమీద పది! ఇరువదులుగా లెక్కించు ప్రాచీనపు వాడుక ఆ మాటలలో నిలిచిపోయినది.

కొలతల మాటలు అట్లు వాడుకలో పెరిగినవి కావు. 1795లో ఫ్రెంచివారు శాసనముచే నెలకొల్పినవి. మీటరునకు మూలము కొలత యను అర్థముగల గ్రీకు పదము. హెచ్చించుటకు గ్రీకు, భాగించుటకు లాటిను అని వారి నియమము. కావున గ్రీకునుండి వచ్చిన కిలో వేయింతలు. లాటినునుండి వచ్చిన మిల్లి వేయింట నొక వంతు.

పిల్లలు తడబడునది ఇచ్చటనే. నేనును పలుమారులు కసరితిని; తప్పు నాదే. మాట పుట్టుక చెప్పిన పిదప వారు మరల తడబడలేదు. ఇంట కిలో పంచదార పొట్లము చేతికిచ్చి, అందు మిల్లిగ్రాములెన్నియో అడిగి చూడుడు. పది లక్షలని చెప్పవలెను.