భూగోళ పరిశోధనము – విద్యార్థులు – మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగ కార్యదర్శులు మమ్ము కోరిరి. విద్య యనగానే మన సభలలో వైద్యము, న్యాయశాస్త్రము, యంత్రశాస్త్రము స్మరణకు వచ్చుట వాడుక. మన విద్యార్థివేతనములును ఎక్కువగ ఆ దారినే పోవుచున్నవి. అది తగదని మేము చెప్పబోము. కాని మన యన్నము పుట్టు నేలను, మనము త్రాగు నీటిని, మన తీరమును పరిశీలించు శాస్త్ర మొకటి గలదు. ఖండముల పేళ్లు, రాజధానుల పేళ్లు వల్లించు పాఠముగ దాని నెంచి విడిచిపుచ్చుట పరిపాటి యైనది. ఆ శాస్త్రము భూగోళము. దాని తోబుట్టువు పర్యావరణ శాస్త్రము. ఈ రెంటియందు విద్యార్థులు చేయు పరిశోధనము మనకెట్లు ఉపకరించునో, దానికి మన మేమి చేయవలయునో విన్నవించుటయే మా యుద్దేశము.

విద్యార్థుల పనియే కదా యని తేలికగ చూడరాదు. 1930 ప్రాంతమున డడ్లీ స్టాంపు అను భూగోళాచార్యుడు బ్రిటను దేశమందలి ప్రతి పొలమును దేనికి వినియోగించుచున్నారో పటములపై గుర్తింప సంకల్పించెను. అంతటి పనికి జీతగాండ్రను నియమించుట సాధ్యము గాదు. కావున పాఠశాలల బాలబాలికలును, ఉపాధ్యాయులును, కళాశాల విద్యార్థులును మైలున కారంగుళముల కొలత గల పటములు చేతబట్టి, పొలము పొలమును కాలినడకను తిరిగి, ఇది సేద్యము, ఇది పచ్చికబీడు, ఇది యడవి యని గుర్తించిరి. పిమ్మట రెండవ ప్రపంచయుద్ధము వచ్చి ఆహారము దిగుమతి చేసికొనుట దుర్ఘటమైనపుడు, ఏ బీడులను దున్నవచ్చునో తేల్చుటకు ఆ పటములే యక్కఱకు వచ్చినవి.

మన దేశమునను ఇట్టి యుదాహరణములు లేకపోలేదు. 1952లో యూజీన్ లాఫాండు అను అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు వచ్చి, అచటి ఆచార్యులతోడను విద్యార్థులతోడను గూడి బంగాళాఖాతమును పరిశీలించెను. వసంతకాలమున తీరము వెంబడి వీచు నైరృతిగాలికి పైనీరు తీరమునుండి తొలగిపోవుననియు, దాని స్థానమున లోతునుండి చల్లనిదియు సారవంతమైనదియు నగు నీరు పైకి వచ్చుననియు వారు కొలిచి చూపిరి. మత్స్యముల యాహారమునకు మూలము ఆ సారమే. వాల్తేరు తీరమందలి యిసుక ఏ ఋతువున కోసికొనిపోవునో, ఏ ఋతువున మరల పూడునో అదియు కొలిచిరి. ఈ తీరమున కెదుట సముద్రగర్భమందున్న లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ యను పేళ్లు వచ్చినవి. మహాదేవన్ గారు ఆ విశ్వవిద్యాలయమందే భూగర్భశాస్త్రాచార్యులు.

ఇక గోదావరి మాట. డెల్టా యనగా నది తెచ్చి పోసిన యొండ్రు. ఆ యొండ్రు తన బరువునకు తానే యణగుచుండును. ఏటేట క్రొత్త యొండ్రు వచ్చి పూడ్చినగాని నేల తన యెత్తున నిలువజాలదు. ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు చెందిన హేమమాలిని, నాగేశ్వరరావు గార్లు 1976, 2001 సంవత్సరముల ఉపగ్రహచిత్రములను పోల్చి 2004లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఆ యిరువదియైదేండ్లలో గోదావరి డెల్టా తీరమున, చేరిన నేల పోగా, నికరముగ సుమారు 1,836 హెక్టారులు, అనగా 4,500 ఎకరములకు పైగా, సముద్రము పాలైనట్లు వారు తేల్చిరి. 1970 దశకమున సుమారు 15 కోట్ల టన్నులుగ నున్న నది యొండ్రు 1990 దశకమున 6 కోట్ల టన్నులకు లోపుగ తగ్గినదనియు చూపిరి. ఎగువ జలాశయములలో నీటితోబాటు ఒండ్రును ఆగిపోవుటయే దీనికి ముఖ్యకారణము.

ఆనకట్టలు వలదని దీని భావము గాదు. 1852లో ధవళేశ్వరపు టానకట్ట పూర్తియైనది మొదలు ఈ డెల్టా యెన్ని కుటుంబముల కన్నము పెట్టినదో మనకు తెలియును. ఒకచోట మేలు చేసిన పని మరియొకచోట ఏమి చేయుచున్నదో లెక్క చూచుకొనుట గృహస్థధర్మమువంటిది. ఆ లెక్క వ్రాయువాడు భూగోళ విద్యార్థి.

ఇంత పెద్ద విషయములే కానక్కరలేదు. ఒక్క నూతిని చూతము. తీరగ్రామముల యిసుకనేలలో మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. సముద్రమట్టముకంటె మంచినీరు 1 అడుగు ఎత్తున నున్నచో, ఆ మట్టమునకు దిగువ సుమారు 40 అడుగుల వఱకు మంచినీరే యుండునని శాస్త్రము. బోరులతో నధికముగ తోడి ఆ యొక్క యడుగును పోగొట్టుకొంటిమేని, కాలక్రమమున క్రిందనుండి ఉప్పునీరు నలువది యడుగులు పైకి ప్రాకగలదు. ఒక విద్యార్థి కొలత్రాడును, నీటి యుప్పదనమును కొలుచు చిన్న పరికరమును బట్టుకొని, గ్రామమందలి నూతులనన్నిటిని వానలకు ముందొకసారియు వానల వెనుక నొకసారియు రెండేండ్లపాటు కొలిచెనేని, ఉప్పు ఎంతవఱకు వచ్చినదో గ్రామపటముపై గీత గీసి చూపగలడు. ఆ గీత కావలివైపున కొబ్బరితోట వేయువాడు తెలిసి వేయును. దీనికి కావలసినది లక్షల ధనము గాదు. దారిఖర్చు, భోజనవసతి, పెద్దల సహకారము.

ఈ కడపటిదానిని గూర్చియే మేము నొక్కి చెప్పదలచితిమి. విద్యార్థి పటము చేతబట్టి యూరికి రాగానే, పన్ను వేయుటకు వచ్చినాడేమో, భూమి తీసికొనుటకు వచ్చినాడేమో యని మన పెద్దలు శంకింతురు. ఈ సభయందు చేపలచెఱువులు, రొయ్యలచెఱువులు గలవారు పలువురు గలరు. తమ చెఱువుప్రక్క నూతినీటిని కొలువనిచ్చువా రెంతమంది? కొల్లేటి కథ మన యెదుటనే యున్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలగువాని నీరు కొల్లేట చేరి ఉప్పుటేటి ద్వారమున సముద్రమునకు పోవలయును. చెఱువుగట్లు ఆ దారి కడ్డమై నీరు నిలిచి, పొలములు మునిగినవి. 1999లో ఆ సరస్సు వన్యప్రాణి రక్షణస్థలముగ ప్రకటితమైనది; 2002లో రామ్‌సార్ పట్టికకెక్కినది; 2006లో ప్రభుత్వమువారు గట్లను కొట్టివేసిరి. అప్పుచేసి చెఱువు త్రవ్వినవాడును, నీట మునిగిన రైతును, సరస్సునే నమ్ముకొన్న జాలరియు అందఱును నష్టపడిరి. నీటిదారి కొలతలు మొదటి గట్టు వేయకమునుపే ఆ గ్రామముల రచ్చబండయొద్ద వినిపించి, వినువారును చెవియొగ్గి యుండినచో, ఆ నష్టములో కొంతయైన తప్పియుండెడిదని మా యభిప్రాయము. పరిశోధనము మనకు రుచింపని మాట చెప్పినపుడే దానివలన మనకు నిజమైన ప్రయోజనము.

మరియొక లోపము గలదు. విద్యార్థి గ్రామమున కొలిచిన కొలత పట్టణమునకు పోయి, ఆంగ్లమున గ్రంథమై, పండితుల గోష్ఠియందు ఉపన్యాసమై, బీరువాలో విశ్రమించుచున్నది. నూతి యజమానుడు దానిని విననే వినడు. ఎవరి నేలనుండి విద్య పుట్టినదో వారికది తిరిగి చేరుట న్యాయము.

కావున మహాసభవారికి మేము మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది: మన విద్యార్థివేతనములలో ఏట ఒక్కటియైన భూగోళ, పర్యావరణ శాస్త్రములందు గ్రామపరిశోధనము చేయు బాలునకో బాలికకో ప్రత్యేకింపవలయును. రెండవది: ఆ విద్యార్థి యే గ్రామమునకు పోయినను అచటి మన సభ్యులు బస యిచ్చి, నూతులను, చెఱువులను, పాతపటములను దాచక చూపవలయును; ఫలిత మెట్లున్నను వేతనము నిలుపరాదు. మూడవది: ప్రతి వార్షిక సభయందును అరగంటకాలము ఆ విద్యార్థి గోడపై పటము వ్రేలాడదీసి, తేటతెనుగున తన పరిశోధనమును వినిపింపవలయును, ప్రతి యొకటి ఆ గ్రామ పాఠశాలకు చేరవలయును.

దాతలారా! మన పూర్వులు చెఱువులు త్రవ్వించి, తోపులు వేయించి, సత్రములు కట్టించి పుణ్యము గడించిరి. ఆ చెఱువు నేడెంత పూడినదో, ఆ తోపుక్రింది నీరెంత లోతునకు దిగినదో కొలిపించుటయు నట్టి పుణ్యకార్యమే. మీ యౌదార్యము ఈ వైపునకు ప్రసరించుగాక యని ప్రార్థించుచున్నాము.